తేడా అనిపిస్తే బయలుదేరండి

ఎనిమిదో నెల దాటిన గర్భిణిని ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ఏదో ఒకటి అడుగుతారు. అన్నం సయిస్తోందా, కాళ్లు వాచాయా, డాక్టరమ్మ డేట్ ఎప్పుడు ఇచ్చింది, పురిటికి పుట్టింటికి ఎప్పుడు వెళ్తున్నావు? వీటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "కడుపులో బిడ్డ ఎప్పటిలాగే కదులుతోందా?" దీనికి జవాబు చెప్పగలిగేది మోస్తున్న తల్లి ఒక్కరే. స్కానింగ్‌లో బిడ్డను చూసేది ఎప్పుడో ఒకసారి, కాసేపు. డాక్టరు చెయ్యి పెట్టి చూసేది ఇంకా తక్కువ సేపు. మీరు మాత్రం రాత్రింబవళ్లు ఆ బిడ్డతోనే ఉన్నారు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. బిడ్డ కదలిక తగ్గిందనిపించిన రోజున ఏం చేయాలో ఆ రోజు ఆలోచించకూడదు. మనసు నెమ్మదిగా ఉన్న ఇవాళే నిర్ణయించి పెట్టుకోవాలి. ఆ వేళ వచ్చేసరికి భయం, మొహమాటం, నిద్రమత్తు, ఇంట్లో వాళ్ల మాట అన్నీ కలిసి కాలు గడప దాటనివ్వవు.

మీ బిడ్డ అలవాటు మీకు తెలియాలి

చాలామంది తల్లులకు 16 నుంచి 24 వారాల మధ్య మొదటి కదలిక తెలుస్తుంది. తొలిచూలు అయితే 20 వారాలు దాటాక తెలియడం మామూలే. 24 వారాలు నిండినా ఏమీ తెలియకపోతే డాక్టరుకు చెప్పాలి. అక్కడి నుంచి కదలికలు పెరుగుతూ పోతాయి. దాదాపు 32వ వారం నాటికి ఒక స్థాయికి చేరి, కాన్పు దాకా అలాగే నిలబడతాయి.

తన్నడం, దొర్లడం, పక్కకు జరగడం, మోచేత్తో పొడిచినట్టు అనిపించడం ఇవన్నీ కదలికలే. ఎక్కిళ్లు మాత్రం లెక్కలోకి రావు. ఒకే తాళంలో టక్ టక్ మని వస్తాయి కాబట్టి వాటిని గుర్తుపట్టడం తేలికే. నెలలు నిండే కొద్దీ గట్టిగా తన్నడం తగ్గి దొర్లడం ఎక్కువ కావచ్చు. కదలిక తీరు మారవచ్చు గానీ, మొత్తం మీద తగ్గకూడదు.

కడుపులో బిడ్డ నిద్రపోతుంది కూడా. ఆ నిద్ర సాధారణంగా 20 నుంచి 40 నిమిషాలు ఉంటుంది, గంటన్నర దాటడం అరుదు. మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో చాలామంది బిడ్డలు హుషారుగా ఉంటారు. మీరు పనిలో మునిగి ఉన్నప్పుడు కదిలినా తెలియకపోవచ్చు. మాయ గర్భసంచికి ముందు వైపున ఉంటే, ముఖ్యంగా 28 వారాల లోపు, కదలికలు మందంగా తెలుస్తాయి. మీ మాయ ఎటువైపు ఉందో స్కానింగ్ రిపోర్టులో రాసి ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు అడిగి తెలుసుకోండి. మాయ ముందువైపు ఉన్నా సరే, మీకు అలవాటైన కదలిక తగ్గితే దాన్ని సాకుగా తీసుకోకూడదు.

మరి రోజుకు ఎన్నిసార్లు కదలాలి? మన ఆస్పత్రుల్లో చెప్పే "12 గంటల్లో 10 కదలికలు" అనే లెక్కకు మూలం 1976లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో పియర్సన్, వీవర్ అనే డాక్టర్లు ప్రచురించిన పద్ధతి. కొందరు డాక్టర్లు టిఫిన్, మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం తర్వాత ఒక్కో గంట లెక్కపెట్టమంటారు. గంటకు మూడు కంటే తక్కువైతే రమ్మంటారు. మీ డాక్టరు ఏదైనా లెక్క చెప్పి ఉంటే దాన్ని పాటించండి. ఆ అంకె ఒక్కదానినే పట్టుకుని మాత్రం కూర్చోవద్దు. 68,000 మంది గర్భిణులతో చేసిన ఒక పెద్ద అధ్యయనం 1989లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అందరి చేతా రోజూ లెక్క పెట్టించినంత మాత్రాన కడుపులో బిడ్డ చనిపోవడం తగ్గలేదని అది తేల్చింది. రోజుకు యాభైసార్లు కదిలే బిడ్డ పన్నెండుసార్లకు పడిపోతే లెక్క ప్రకారం అంతా బాగున్నట్టే. ఆ తల్లికి మాత్రం అది పెద్ద తేడా. ఆ తేడానే నమ్మాలి.

అందుకే 28 వారాలు నిండినప్పటి నుంచి రోజూ ఒకే వేళకు, బిడ్డ బాగా కదిలే సమయం చూసుకుని, కాసేపు ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. ఫోను పక్కన పెట్టండి. టీవీ ఆపండి. చెయ్యి పొట్ట మీద వేసి గమనించండి. వారం తిరిగేసరికి మీ బిడ్డ అలవాటు మీకు తెలిసిపోతుంది.

కదలిక ఎందుకు తగ్గుతుంది

చాలాసార్లు కంగారు పడాల్సింది ఏమీ ఉండదు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2011లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, ఒకసారి కదలిక తగ్గిందని వచ్చిన వారిలో దాదాపు 70 శాతం మందికి కాన్పు ఏ ఇబ్బందీ లేకుండా జరుగుతుంది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల తర్వాత రెండు రోజుల పాటు కదలిక కొంత తగ్గవచ్చు. మత్తు కలిగించే మందులూ తగ్గిస్తాయి.

మిగిలిన సందర్భాల కోసమే ఈ జాగ్రత్త అంతా. మాయ సరిగా పనిచేయకపోతే బిడ్డకు ఆక్సిజన్, ఆహారం చాలినంత అందవు. వేసవిలో నీళ్లు తగ్గితే తాగడానికీ వంటకూ ముందు ఉంచుకుని పెరటి మొక్కలకు పోయడం మానేస్తాం. బిడ్డ శరీరం కూడా అంతే. ఉన్న కాస్త రక్తాన్ని మెదడుకూ గుండెకూ మళ్లించి, కాళ్లూ చేతులూ ఆడించడం తగ్గించుకుంటుంది. బీపీ, షుగర్, ఉమ్మనీరు తగ్గడం, బిడ్డ ఎదగకపోవడం, మాయ విడిపోవడం, బొడ్డుతాడు ఇబ్బందులు వీటిలో దేనివల్లనైనా ఇలా జరగవచ్చు. కడుపులోనే బిడ్డను పోగొట్టుకున్న తల్లుల్లో సగం మందికి పైగా, అంతకు ముందు కదలిక తగ్గినట్టు తమకు తెలిసిందని చెప్పారని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలా తెలిసిన ఆ కొద్ది సమయమే మన చేతిలో ఉన్న అవకాశం.

కాలు కదలనివ్వని మాటలు

"నెలలు నిండాయి కదా, చోటు లేక కదలడం లేదు." ఇది ఇళ్లలో ఎక్కువగా పెద్దవాళ్ల నోట వినిపించే మాట. ప్రేమతోనే అంటారు. కానీ నిజం కాదు. చివరి వారాల్లోనూ, నొప్పులు మొదలయ్యాక కూడా బిడ్డ కదులుతూనే ఉంటుంది.

"చల్లని నీళ్లు తాగు, ఏదైనా తీపి తిను, కదులుతుంది." తీపి తింటే కదలిక పెరుగుతుందనడానికి ఆధారం లేదు. ఆకలేస్తే తినండి. అది పనిచేస్తుందేమోనని ఎదురు చూస్తూ గంటలు పోగొట్టుకోవద్దు.

"ఇంట్లో గుండె చప్పుడు వినే మెషిను ఉంది, వినిపిస్తోంది." ఆన్‌లైన్‌లో కొన్న ఆ చిన్న డాప్లర్‌లో వినిపించేది తల్లి నాడి కావచ్చు, మాయలో రక్తప్రవాహం కావచ్చు. నిజంగా బిడ్డ గుండే వినిపించినా, ఆ బిడ్డ ఇబ్బందిలో లేదని దాని అర్థం కాదు.

"మొన్న స్కానింగ్‌లో అంతా బాగుందన్నారు." స్కానింగ్ ఆ రోజు సంగతి చెబుతుంది. ఇవాళ్టి సంగతి మీకే తెలుసు.

"ఇవాళ అమావాస్య, గ్రహణం, ఇప్పుడు గడప దాటకూడదు." మంచి రోజు చూసి శ్రీమంతం చేసుకుందాం. బిడ్డ కదలకపోతే మాత్రం తిథి చూడకూడదు.

"వెళ్తే ఆపరేషన్ చేసేస్తారు." ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసేయను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. భయపడటానికి కారణం ఉంది. అయితే పరీక్షకు వెళ్లడం వేరు, ఆపరేషన్‌కు ఒప్పుకోవడం వేరు. కదలిక తగ్గిందని వెళ్తే ముందు జరిగేది పరీక్ష. ఆ పరీక్షలో ఏం తేలింది, ఆపరేషన్ ఎందుకు, కాసేపు ఆగి చూడవచ్చా, మందులతో నొప్పులు తెప్పించవచ్చా అని అడిగే హక్కు మీకుంది. ఆ మాటలు ఆస్పత్రిలో, బిడ్డ గుండె చప్పుడు వింటూ మాట్లాడుకోవాలి. ఇంట్లో కూర్చుని వాయిదా వేస్తే ఆ అవకాశమే మిగలదు.

"పోయిన వారమే వెళ్లాం, ఏమీ లేదన్నారు. మళ్లీ వెళ్తే నవ్వుతారు." అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇది. కదలిక మళ్లీ మళ్లీ తగ్గుతోందంటే డాక్టర్లు మరింత జాగ్రత్తగా చూడాల్సిన గర్భం అది. రెండోసారి, మూడోసారి వెళ్లడానికి సిగ్గుపడాల్సిన పనే లేదు.

ఆ వేళ ఏం చేయాలి

కదలిక పూర్తిగా ఆగిపోయినా, స్పష్టంగా తగ్గినా, తీరు ఒక్కసారిగా మారినా వెంటనే మీ ఆస్పత్రికి ఫోన్ చేసి బయలుదేరండి. రాత్రి రెండైనా, ఆదివారమైనా, పండగైనా అంతే. తెల్లారేదాకా, ఓపీ తెరిచేదాకా ఆగవద్దు.

పనిలో పడి గమనించలేదేమో అన్న అనుమానం ఉంటే, ఎడమ పక్కకు తిరిగి పడుకుని పూర్తి ధ్యాసతో గమనించండి. రెండు గంటల్లో కనీసం 10 కదలికలు తెలియకపోతే వెళ్లాలి. ఆ రెండు గంటలు గరిష్ఠం మాత్రమే. మధ్యలోనే మనసు ఒప్పుకోకపోతే లేచి బయలుదేరండి. 12 గంటల లెక్క పూర్తయ్యేదాకా ఎదురుచూడటం మాత్రం ఎవరికీ చెప్పను.

కదలిక తగ్గడంతో పాటు రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, పొట్ట గట్టిపడి విడవని నొప్పి, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, జ్వరం వీటిలో ఏదైనా ఉంటే 108కి ఫోన్ చేయండి. పల్లెలో ఉంటే ఆశా కార్యకర్తకూ, ఏఎన్‌ఎంకూ చెప్పండి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బిడ్డ గుండె తీరును కాగితం మీద గీసే ఎన్‌ఎస్‌టీ మెషిను ఉండకపోవచ్చు. రాత్రిపూట కూడా లేబర్ రూం నడిచే ఏరియా ఆస్పత్రి లేదా జిల్లా ఆస్పత్రికి నేరుగా వెళ్లడం మేలు. ఖర్చు గురించి వెనకాడవద్దు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణికి పరీక్షలు, మందులు, కాన్పు, అవసరమైతే సిజేరియన్, రవాణా కూడా ఉచితం.

విదేశాల్లో ఉన్న తెలుగు అమ్మాయిలకు ఒక మాట. మీకు తేడాగా అనిపించిన వేళకు ఇక్కడ అమ్మ నిద్రలో ఉండవచ్చు. అమ్మ లేచాక వాట్సాప్‌లో అడిగి వెళ్దామనుకోవద్దు. బ్రిటన్‌లో అయితే మెటర్నిటీ యూనిట్‌కు, అమెరికాలో అయితే మీ డాక్టరు ఆఫీసుకు లేదా ఆస్పత్రి లేబర్ అండ్ డెలివరీ విభాగానికి ముందు ఫోన్ చేయండి. అమ్మకు దారిలో చెప్పవచ్చు.

ఏం మాట్లాడాలి

ఆస్పత్రి గుమ్మంలో చాలామంది గొంతు చిన్నదవుతుంది. "కొంచెం నీరసంగా ఉంది మేడమ్" అని మొదలుపెట్టి అసలు సంగతి చివర్లో చెబుతారు. అందుకే ఈ మాటలు ముందే నోటికి తెచ్చుకోండి.

లేబర్ రూంలో సిస్టర్‌తో: "సిస్టర్, నాకు 35వ వారం. నిన్న సాయంత్రం నుంచి బిడ్డ కదలిక బాగా తగ్గింది. ఇప్పుడే బిడ్డ గుండె చూడండి, ఎన్‌ఎస్‌టీ తీయండి."

రేపు ఓపీకి రమ్మంటే: "ఇవాళే చూడాలండీ. డ్యూటీ డాక్టరుగారితో మాట్లాడించండి. మేం ఇక్కడే ఉంటాం."

ఇంట్లో: "అత్తయ్యా, మీరు చెప్పింది విన్నాను. నాకు మాత్రం తేడాగానే ఉంది. చూపించుకుని వస్తే ఇద్దరికీ నిమ్మళంగా ఉంటుంది." భర్తతో ఇంకా సూటిగా: "ఏవండీ, బిడ్డ కదలడం తగ్గింది. ఇప్పుడే వెళ్దాం, బండి తీయండి."

ఎన్నో వారం, ఎప్పటి నుంచి, ఎంత తేడా, ఏం కావాలి. ఈ నాలుగూ ఉంటే చాలు. క్షమాపణలు అక్కర్లేదు. గొంతు పెంచడం కూడా అక్కర్లేదు. గట్టిగా నిలబడటానికి మర్యాద వదులుకోనక్కర్లేదని ఈ పుస్తకంలో ముందు నుంచీ చెబుతున్నాను. అది నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోటే.

ఆస్పత్రిలో ఏం చేస్తారు

ముందు బిడ్డ గుండె కొట్టుకోవడం వింటారు. నిమిషానికి 110 నుంచి 160 సార్లు మామూలు. మీ బీపీ చూస్తారు, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేస్తారు, పొట్ట కొలిచి ఎదుగుదల అంచనా వేస్తారు. తర్వాత ఎన్‌ఎస్‌టీ. పొట్ట చుట్టూ రెండు బెల్టులు కట్టి కనీసం 20 నిమిషాలు గుండె తీరును కాగితం మీద గీస్తారు. బిడ్డ కదిలినప్పుడు గుండె వేగం పెరిగి మళ్లీ దిగితే అది మంచి గుర్తు. బిడ్డ నిద్రలో ఉంటే ఇంకాసేపు ఉంచుతారు. నొప్పి ఉండదు, సూది ఉండదు. అనుమానం మిగిలితే స్కానింగ్‌లో బిడ్డ బరువు, ఉమ్మనీరు, బొడ్డుతాడులో రక్తప్రవాహం చూస్తారు.

అంతా బాగుంటే ఇంటికి పంపుతారు. ఎన్‌ఎస్‌టీ కాగితం ఆ పూట సంగతికే హామీ. ఇంటికి వచ్చాక కదలిక మామూలు కావాలి. కాకపోతే, లేదా మళ్లీ తగ్గితే, అదే రోజైనా తిరిగి వెళ్లాలి. బయటకు వచ్చే ముందు "మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి" అని అడిగి రాయించుకోండి.

ఇంట్లో వాళ్లకు

గర్భిణి "తేడాగా ఉంది" అంటే మీరు అడగాల్సిన ప్రశ్న "ఎప్పుడు బయలుదేరదాం" అన్నదొక్కటే. ఎలా తేడా, నిజంగా తేడానా అన్న విచారణ డాక్టరు చేస్తారు. వెళ్లి వచ్చి ఏమీ లేదని తేలితే "ఊరికే తిప్పావు" అనకండి. ఆ ఒక్క మాట వల్ల ఆమె మరోసారి చెప్పడానికి జంకుతుంది. "మంచి పని చేశావమ్మా, మళ్లీ అనిపించినా చెప్పు" అనండి. పుట్టింటికి వెళ్లే ముందు అక్కడి ఆస్పత్రిలో ఒకసారి చూపించి పేరు రాయించండి. ఫైలంతా వెంట పంపండి. ఊరు మారిన ఆ రెండు నెలల్లోనే ఎవరికి ఫోన్ చేయాలో తెలియని పరిస్థితి వస్తుంది.

ఇంతకు ముందు బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఈ పేజీలు చదువుతూ ఉంటే, దయచేసి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ఏ సూచనా లేకుండా జరిగేవీ ఉన్నాయి, తెలిసి పరుగెత్తినా దక్కనివీ ఉన్నాయి. ఈసారి మొదటి చెకప్‌లోనే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. చివరి నెలల్లో పరీక్షలు ఎక్కువసార్లు చేస్తారు.

ఈ వారమే చేయాల్సినవి

1. మీ ఆస్పత్రి లేబర్ రూం నంబరు, 108, రాత్రి ఎప్పుడు పిలిచినా వచ్చే ఆటో లేదా కారు నంబరు ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. మీ ఫోన్‌లోనూ, మీవారి ఫోన్‌లోనూ దాచండి.

2. తల్లీబిడ్డల కార్డు, స్కానింగ్ రిపోర్టులు, బ్లడ్ గ్రూప్, వాడుతున్న మందుల చీటీ ఒకే సంచిలో పెట్టండి.

3. రోజూ గమనించే వేళ ఒకటి ఖాయం చేసుకోండి.

4. 28 వారాల తర్వాత నిద్రకు ఒరిగేటప్పుడు వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోండి. మెలకువ వచ్చేసరికి వెల్లకిలా ఉంటే కంగారు పడకుండా మళ్లీ పక్కకు తిరగండి.

5. వచ్చే చెకప్‌లో డాక్టరును అడగండి: "కదలిక తగ్గితే రాత్రిపూట నేను ఎక్కడికి రావాలి?" ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ కింద ఉచితంగా చూస్తారు. అక్కడైనా అడగవచ్చు.

6. ఇవాళ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో అందరికీ చెప్పండి: "నాకు తేడా అనిపిస్తే వేళ చూడకుండా ఆస్పత్రికి వెళ్తాను. అప్పుడు ఎవరూ ఆపకూడదు." ఇవాళే అందరి చేతా సరేననిపించుకుంటే, ఆ వేళ వచ్చినప్పుడు మీరు ఎవరినీ ఒప్పించాల్సిన పని ఉండదు.